కాళ్ళకి సెలవు, కళ్ళకి పని: సింగపూర్‌లో పిట్టలూ సీతాకోకచిలుకలూ

(ఏలూరులో ఉదయపు నడక మిత్రుల ఆదివారం సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల్లోవాళ్ళకి వినబడుతోందా? సరే. హైస్కూల్లో పాఠాలు చెప్పిన గొంతు, మైకు పోయినా ఫరవాలేదు.

పిలిచినప్పుడు కొల్లేరు పక్షుల మీద మాట్లాడమన్నారు. కొల్లేరు గురించి నాకన్నా తెలిసినవాళ్ళు మొదటి వరసలోనే ఉన్నారు. ఆటపాకలో గూడబాతులు ఎప్పుడు గూళ్ళు కడతాయో, ఎర్రకాళ్ళ కొంగలు ఎక్కడ వాలతాయో వాళ్ళు చెప్పాలి, మనం వినాలి. నేను వేరే సంగతి ఎత్తుకుంటాను. పిల్లలు విదేశాల్లో ఉన్నవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. చూశారా, సగానికి పైనే! అంటే మీరంతా ఒకసారి వెళ్ళొచ్చినవాళ్ళో, వెళ్ళబోయేవాళ్ళో.

అక్కడికెళ్ళి మనం చేసేదేమిటి? మా అమ్మాయి వాళ్ళు సింగపూర్‌లో ఉంటారు. శని ఆదివారాలు తిప్పుతారు. సెంటోసా, కేబుల్ కారు, ముస్తఫా సెంటర్, సెరంగూన్ రోడ్డులో పెరుమాళ్ గుడి. ఫోటోలు దిగుతాం, గ్రూపులో పెడతాం. సోమవారం తెల్లారేసరికి అమ్మాయీ అల్లుడూ ఆఫీసుకి, మనవడు బడికి. ఇక శుక్రవారం సాయంత్రం దాకా మనమూ, ఫ్లాటూ, ఫోన్లో మన సీరియళ్ళూ. మావారైతే లిఫ్టులో కిందికీ పైకీ తిరిగేవారు, అదో కాలక్షేపం. (నవ్వులు)

ఆ ఐదు రోజుల గురించే నేను మాట్లాడబోయేది. పిట్టల్ని చూడాలంటే అడవికి పోవాలి, గైడు కావాలి, పెద్ద కెమెరా కావాలి అనుకుంటాం. నేనంటాను, పెద్ద నగరంలో మనవాళ్ళ ఇంటి కింద కనబడే మామూలు పిట్టల్నే నాలుగు పొద్దులు చూడండి. అది ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు తెచ్చారు, ఎలా నిలదొక్కుకుంది అని అడుగుతూ చూడండి. ఆ ఊరి కథ సగం తెలిసిపోతుంది. మన పిల్లలూ ఆ ఊరికి వలస వచ్చినవాళ్ళే కదా, అందుకేనేమో నాకు ఆ కథ దగ్గరగా అనిపించింది.

ముందు ఒక లెక్క చెప్పనివ్వండి. మన కొల్లేరు అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు. సింగపూర్ దేశం మొత్తం దానికి రెండున్నర రెట్లు లేదు. అందులోనే లక్షల ఇళ్ళు, ఓడరేవు, విమానాశ్రయం, ఫ్యాక్టరీలు. అయినా అక్కడ ఇప్పటిదాకా నమోదైన పక్షి జాతులు 400 పైన, సీతాకోకచిలుకలు 300 పైన. అన్నీ మనకి కనబడవు. కనబడక్కర్లేదు కూడా.

టైము సంగతి. సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. భూమధ్యరేఖకి ఆనుకుని ఉంది కాబట్టి ఏడాది పొడుగునా ఉదయం ఏడింటికి అటూ ఇటూగానే తెల్లారుతుంది. ఇక్కడ ఐదింటికి లేచే అలవాటున్నవాళ్ళకి అక్కడ అది ఏడున్నర. అంటే మన ఒంటికి మెలకువ వచ్చేసరికి పిట్టలూ సిద్ధంగా ఉంటాయి, ప్రత్యేకంగా అలారం పెట్టుకునే బాధ లేదు. ఏడు నుంచి తొమ్మిది దాకా పిట్టలు. సీతాకోకలు బద్ధకస్తులు, వాటికి రెక్కలు వేడెక్కాలి, అందుకని తొమ్మిది దాటాకే బయటికొస్తాయి. ఈ మధ్యలో దగ్గర్లో హాకర్ సెంటర్‌లో, అంటే చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే చోట, కూర్చుని టీ తాగాలి. చక్కెర జబ్బున్నవాళ్ళు 'తే సీ కొసోంగ్' అనండి, చక్కెర లేకుండా పాలటీ ఇస్తాడు. అలా అనకపోతే గ్లాసు అడుగున పంచదార పాకమే. పదకొండున్నర అయ్యేసరికి ఎండ మాడ్చేస్తుంది, ఇల్లు చేరిపోవాలి.

ఇక ఇంటి కింద చూద్దాం. అక్కడ పదిమందిలో ఎనిమిదిమంది దాకా ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్లలోనే ఉంటారు, హెచ్‌డీబీ బ్లాకులంటారు. కింద అంతస్తు ఖాళీగా వదిలేస్తారు, వాయిడ్ డెక్ అని. పెళ్ళైనా అక్కడే, చావు కార్యమైనా అక్కడే. ఆ సిమెంటు నేల మీద, పక్కన గడ్డిలో తిరుగుతుంటాయి గోరింకలు. మొదట చూస్తే మన గోరింకే అనుకుంటాం. కాస్త నిదానంగా చూడండి. ఒళ్ళు గోధుమరంగు కాదు, బూడిదా నలుపూ కలిసిన రంగు. ముక్కు మీద చిన్న కుచ్చు. కంటి చుట్టూ పసుపు చర్మం లేదు. అది జావా గోరింక. పంజరాల్లో పెంచుకోవడానికి సుమారు వందేళ్ళ కిందట తెచ్చారు, తప్పించుకున్నవి ఊరంతా నిండాయి. ఇప్పుడు దాని పుట్టినచోటు జావాలో దాన్ని పట్టి పట్టి అమ్మేయడంతో అక్కడ అడుగంటిపోయింది. పుట్టింట కరవు, మెట్టినింట పంట అన్నట్టుంది దాని బతుకు. మన గోరింక కూడా అక్కడ ఉంది కానీ దీని ధాటికి బాగా తగ్గిపోయింది, వెతికితే తప్ప కనబడదు. నాకు కనబడినప్పుడల్లా పలకరించాను, ఏలూరు కబుర్లు చెప్పాను. (నవ్వులు)

తర్వాత కాకి. బూడిదరంగు మెడ, మన ఇంటి కాకే. దాని ప్రయాణం విచిత్రం. 1890ల్లో మలేసియాలో క్లాంగ్ దగ్గర కాఫీ తోటలకి గొంగళిపురుగులు పట్టాయని, వాటిని తింటాయని శ్రీలంక నుంచి కాకుల్ని పట్టుకెళ్ళారు. కాఫీ తోటలు పోయాయి, కాకులు మిగిలాయి. అక్కణ్ణుంచి మెల్లగా దక్షిణానికి దిగి సింగపూర్ చేరుకున్నాయి. ఒకప్పుడు మరీ ఎక్కువైపోయి తుపాకులతో కాల్చి తగ్గించాల్సి వచ్చింది.

కాకి ఉన్నచోటికి కోకిల రాక మానుతుందా? గుడ్డు పెట్టడానికి దానికి కాకి గూడు కావాలి. 1980ల దాకా కోకిల సింగపూర్‌కి చలికాలపు చుట్టంగానే వచ్చేది. కాకులు పెరిగాక అక్కడే కాపురం పెట్టేసింది. ఇప్పుడు తెల్లవారకముందే మొదలెడుతుంది, చీకట్లో, కిటికీ పక్క చెట్టు మీంచి. పదో అంతస్తులో నిద్రపోయేవాళ్ళు లేచి కూర్చుంటారు. మనం ఉగాదికి ఎదురుచూసి, కవితలు చదివే కోకిల మీద అక్కడ జనం మున్సిపాలిటీకి ఫిర్యాదులు రాస్తారు! మా పక్క ఫ్లాటు చైనా ఆవిడ అయితే నన్ను చూసి "మీ దేశపు పక్షి" అంది, నేనేదో చీరకొంగులో కట్టి తెచ్చినట్టు.

అదే ఆవిడ ఇంటి ముందు చూసినది మాత్రం నేను ఎప్పటికీ మర్చిపోను. ఆ బ్లాకుల్లో ఇళ్ళ ముందు పొడుగాటి వరండా ఉంటుంది. జనం అక్కడ కుండీలు పెట్టుకుంటారు. ఆవిడ కుండీలో సన్నటి కొమ్మలున్న మొక్క, మన నడుమెత్తు ఉంటుందేమో. దాని చివర ఎండిన చెత్త వేలాడుతోంది. ఊడ్చేవాళ్ళు చూడలేదేమో అనుకుని దగ్గరికెళ్తే ఆ చెత్తలోంచి వంకర ముక్కు ఒకటి బయటికొచ్చింది. తేనెపిట్ట. పొట్ట పసుపు, వీపు ఆకుపచ్చ. ఆ గూడు ఎలా ఉందో చెప్తాను. గడ్డిపరకలు, ఎండుటాకుల ముక్కలు, ఏదో దూదిలాంటిది, అన్నిటినీ సాలెగూడు దారాలతో కలిపి కట్టింది. పక్కన గుండ్రటి గుమ్మం. గుమ్మం పైన చిన్న చూరు, వాన జల్లు లోపల పడకుండా. కిందికి ఒక జానెడు చెత్త తోకలా వదిలేసింది, చూసేవాడు గూడు అనుకోకుండా. కట్టేదంతా ఆడదే. మగది, గొంతు కింద నీలం నిగనిగలాడుతూ, రెయిలింగు మీద కూర్చుని అరుస్తుంటాడు. ఆవిడ ఏ పరకో తెస్తుంటే వెంట ఎగురుకుంటూ వెళ్తాడు, వెనక్కొస్తాడు, మళ్ళీ అరుస్తాడు. మావారు చూసి "పాపం కాపలా కాస్తున్నాడు" అన్నారు. నేనేం మాట్లాడలేదు. (నవ్వులు)

మనుషులు అడుగు దూరంలో నడుస్తున్నా అది జంకలేదు. మనిషి మసిలేచోట పాము, కోతి రావని అక్కడ కడుతుందంటారు. ఆ ఇంటావిడ గూడు ఉన్నన్నాళ్ళూ చెప్పులు అవతలి వైపు విప్పుకుంది, మొక్కకి నీళ్ళు చెంబుతో మొదలు దగ్గర మాత్రమే పోసింది. కోకిల మీద కోపం ఉంటే ఉండనీండి, మనిషి మంచిది.

ఇంకా ఇంటి చుట్టూరా కనబడేవాటిని ఊరికే చెప్పేస్తాను. వంగపండు పిట్టలు, కళ్ళకి నల్లగంత కట్టినవి, బలే గట్టి గొంతు. పిగిలిపిట్టలు. గులాబిరంగు మెడతో పచ్చగువ్వలు, గుంపుగా పళ్ళ చెట్టెక్కితే ఆకులకీ వాటికీ తేడా తెలీదు. తెల్ల కాలరు వేసుకున్న లకుముకి పిట్ట, మన తెల్లగొంతుదీ పక్కనే ఉంటుంది.

సీతాకోకల దగ్గరికొస్తే, మా అమ్మాయి వాళ్ళుండేది ఈషున్ అనే పేటలో. అక్కడ ఖూ టెక్ పువాట్ ఆస్పత్రి అని ప్రభుత్వ ఆస్పత్రి ఉంది, 2010లో తెరిచారు. ఆస్పత్రిలో పిట్టలేమిటి అనకండి. కట్టేటప్పుడే సీతాకోకలు రావాలి, పిట్టలు రావాలి అని లెక్కేసి మొక్కలు పెట్టారు. నడిమధ్య తోట, వరండాల నిండా వేలాడే తీగలు, పక్కనే చెరువు. చెరువు గట్టున నారాయణపక్షి ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది, దాని ముందునుంచే చక్రాల కుర్చీల్లో రోగుల్ని తిప్పుతుంటారు. గేటు దగ్గర ఎవరూ అడ్డు చెప్పరు. పెద్దవాళ్ళకి ఇంతకన్నా మంచి జాగా లేదు: నీడ ఉంది, బెంచీలున్నాయి, బాత్రూములున్నాయి, ఏమైనా అయితే డాక్టర్లూ అక్కడే ఉన్నారు.

సీతాకోకల్ని వెతికేటప్పుడు పూల వెంట పడతాం మనం. పూలకొచ్చేది తేనె తాగి వెళ్ళిపోతుంది, ఫోటోకి నిలవదు. ఆకుల్ని చూడండి అంటాను నేను. గుడ్డు పెట్టడానికి వచ్చేది తొందరపడదు. ఒక్కో సీతాకోకకీ దాని పిల్ల తినే మొక్కలు వేరు, ఆ కొన్ని రకాలు తప్ప ఇంకోటి ముట్టదు. మనం తెలుగువాళ్ళం, మన అందరికీ తెలిసిన మొక్క ఒకటి ఆ సీతాకోకల్లో కొన్నిటికీ కావాలి. చెప్పండి చూద్దాం? ... ఎవరో అన్నారు, ఆ, కరివేపాకే!

అక్కడ మన తెలుగు, తమిళ కుటుంబాలు వరండాల్లో కరివేపాకు కుండీలు పెడతారు. దాని మీద వాలేవి రెండు. ఒకటి లైమ్ బటర్‌ఫ్లై, నిమ్మ సీతాకోక అందాం, నలుపు మీద లేతపసుపు మచ్చలు. రెండోది కామన్ మార్మన్, నల్లటి రెక్కల మీద తెల్ల చుక్కల వరస. ఆడది కుండీ చుట్టూ తచ్చాడుతుంది, ఆకు మీద వాలి ముందుకాళ్ళతో టకటకా కొట్టి చూస్తుంది. దానికి రుచి కాళ్ళలో ఉంటుంది. ఇది కరివేపాకే అని తేలాక పొట్ట వంచి ఒక్క గుడ్డు అంటించి వెళ్తుంది. ఆవగింజకన్నా చిన్నది, లేతపసుపు. పిల్ల పుట్టినప్పుడు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, నలుపూ తెలుపూ. పిట్ట తన రెట్ట తాను తినదు కదా. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు పుల్లతో మెల్లగా తాకితే మెడ వెనకనుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి పొడుస్తుంది, గుప్పున ఒక వాసన వస్తుంది. చీమలూ సాలీళ్ళూ పారిపోవడానికి ఆ ఏర్పాటు. ఇవన్నీ మన ఇంటి పెరట్లోనూ ఉన్నాయి. ఇక్కడ మనం చారులో వెయ్యడానికి కోస్తూ ఆ పురుగుని దులిపేస్తాం, అక్కడ తీరిక కాబట్టి కూర్చుని చూస్తాం.

ఆ మార్మన్‌లో ఇంకో మాయ ఉంది. ఆడవాటిలో కొన్ని మగదానిలాగే ఉంటాయి. ఇంకొన్ని పూర్తిగా వేరే సీతాకోక వేషం వేస్తాయి, కామన్ రోజ్ వేషం. కామన్ రోజ్ అంటే నల్లటి రెక్కలు, మధ్యలో తెల్ల మచ్చలు, అంచున ఎర్రటి చుక్కలు. దాని పిల్లలు ఈశ్వరి తీగ జాతి ఆకులు తిని పెరుగుతాయి. ఆ ఆకు విషం ఒంట్లో నిలిచిపోతుంది. ఒకసారి నోట్లో పెట్టుకున్న పిట్ట మళ్ళీ ఆ జోలికి పోదు. మార్మన్ తినేదేమో కమ్మటి కరివేపాకు, ఒంట్లో విషం ఎక్కడిది? అందుకని వేషం వేసి గట్టెక్కుతుంది. రెంటినీ విడదీయాలంటే రెక్కలు చూడకండి, ఒళ్ళు చూడండి. కామన్ రోజ్ ఒళ్ళు ఎర్రగా ఉంటుంది, మార్మన్‌ది నలుపు. 2015లో సింగపూర్ నేచర్ సొసైటీ వాళ్ళు ఓట్లు పెడితే తమ జాతీయ సీతాకోకగా జనం ఎన్నుకున్నది ఆ కామన్ రోజ్‌నే.

ఇంకొకటి చెప్పకుండా ముందుకెళ్ళలేను. టానీ కోస్టర్. మీరంతా చూసే ఉంటారు: చిన్నది, నారింజరంగు, నల్ల చుక్కలు, బరువుగా తేలుతున్నట్టు ఎగురుతుంది. దాని సొంతూరు మన ఇండియా, శ్రీలంక. అది మెల్లగా తూర్పుకి కదిలింది. థాయిలాండ్, మలేసియా దాటి 2006లో సింగపూర్‌లో మొదటిసారి కనబడింది. 2012కల్లా ఆస్ట్రేలియాలో డార్విన్ వైపు చేరింది. వీసా లేదు, పాస్‌పోర్టు లేదు. ఇంతా చేసి దాని రెక్కలు మన బొటనవేలంత. అది సింగపూర్‌లో తింటున్నది మన కంచెల మీద పాకే అడవి తీగ, కాయ చుట్టూ పచ్చటి జల్లెడ తొడుగు ఉంటుందే, పిల్లలు పండు చిదిమి తింటారు, ఆ తీగ. ఆ తీగ కూడా స్థానికం కాదండోయ్, అమెరికా ఖండం నుంచి వచ్చి మన దగ్గరా వాళ్ళ దగ్గరా పాతుకుంది. ఈషున్‌లో రైలు పట్టాల కింద పిచ్చిమొక్కల్లో ఆ సీతాకోకని చూసి నేను కాసేపు అక్కడే నిలబడిపోయాను. మా మనవడు "అమ్మమ్మా, ఇది మన ఊరిదేనా, నాలాగా?" అన్నాడు. వాడు పుట్టింది అక్కడే. నాకు జవాబు తోచలేదు.

కాస్త ఓపిక ఉన్నవాళ్ళకి ఇల్లు దాటి మూడు చోట్లు చెప్తాను. మెక్‌రిచీ అడవిలో చెట్ల చిటారున 250 మీటర్ల వేలాడే వంతెన ఉంది, అందరూ వెళ్ళమంటారు. మోకాళ్ళ నొప్పులుంటే వద్దు. వంతెన చేరడానికీ తిరిగి రావడానికీ మెట్లూ ఎత్తుపల్లాలూ చాలా నడవాలి, మధ్యలో దిగిపోవడానికి దారి లేదు. సంచిలో తినే వస్తువు కనబడితే కోతులు లాక్కుంటాయి.

దాని బదులు, నా మూడింట్లో మొదటిది, బొటానిక్ గార్డెన్స్‌కి వెళ్ళండి. 1859లో పెట్టింది, 2015లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ఆర్కిడ్ తోటకే టికెట్టు, మిగతాదంతా ఉచితం. మెట్రో దిగితే గేటే. పొద్దున్నే చెరువు గట్టున కూర్చుంటే ఈల వేసే చిన్న బాతులు పిల్లలతో ఈదుతుంటాయి, నీటికోళ్ళు గడ్డిలోకి నడిచొస్తాయి. హెలికోనియా పూల దగ్గర ఎర్రటి తేనెపిట్ట కోసం చూడండి. మగది ఛాతీ, మెడ, తల నిప్పురంగు. అధికారికంగా కాదు కానీ సింగపూర్‌వాళ్ళు దాన్నే తమ జాతీయ పక్షి అంటారు.

రెండోది సుంగై బులో. ఈషున్ నుంచి ఎర్ర లైను రైలెక్కి క్రాంజీలో దిగి 925 బస్సెక్కాలి. మడ అడవి. కాకినాడ దగ్గర కోరంగి చూసినవాళ్ళకి కొత్తగా ఉండదు: అవే ఊపిరి వేర్లు, బురద మీద ఎగిరే అవే చేపలు. కొత్త ఏమిటంటే మొసళ్ళు. నిజం మొసళ్ళే, ఉప్పునీటివి. వంతెన మీంచి చూడాలి, కిందికి దిగకూడదు. సెప్టెంబరు నుంచి మార్చి దాకా అక్కడ బురద పిట్టలు వేలకొద్దీ దిగుతాయి, సైబీరియా నుంచి ఆస్ట్రేలియా దాకా పోయే దారిలో అదో మజిలీ. అక్కడ ట్యాగు కట్టి వదిలిన రెడ్‌షాంక్ పిట్టలు కొన్ని హిమాలయాలు దాటి టిబెట్ పీఠభూమి వైపు వెళ్ళాయని తేలింది. మన కొల్లేరుకి చలికాలంలో దిగే బురద పిట్టల్లోనూ రెడ్‌షాంకులున్నాయి, ఇవీ ఉత్తర దిక్కు నుంచే వస్తాయి. సముద్రపు పోటు చూసుకుని వెళ్ళండి. పోటు ఎక్కేటప్పుడు బయట బురద మునిగిపోతుంది, పిట్టలన్నీ లోపలి మడుగుల్లోకి మన ముందుకి వచ్చేస్తాయి. ఆటు సమయంలో వెళ్తే చుక్కల్లా దూరంగా ఉంటాయి.

మూడోది పులావ్ ఉబిన్ దీవి. చాంగీ పాయింట్ దగ్గర చిన్న పడవలుంటాయి, పన్నెండుమంది నిండాక కదుల్తుంది. పాత పల్లెటూరు వాతావరణం, అడవికోళ్ళు దారి మీదే తిరుగుతుంటాయి. అక్కడ హార్న్‌బిల్ ఉంది, పసుపు ముక్కు మీద ఇంకో ముక్కు ఉన్నట్టుండే పెద్ద నల్ల పక్షి. పంతొమ్మిదో శతాబ్దంలోనే సింగపూర్‌లో మాయమైపోయింది. 1994లో ఓ జంట ఉబిన్ మీద కనబడింది. గూడు పెట్టుకోవడానికి తొర్రలున్న పెద్ద చెట్లేవీ? అందుకని మనుషులే చెక్కపెట్టెలు చేసి చెట్లకి కట్టారు. ఆడది లోపలికెళ్ళి గుమ్మం మూసేసుకుంటుంది, ముక్కు పట్టేంత సందు వదిలి. గుడ్లు పొదిగి పిల్లలు పెరిగేదాకా మగవాడు అత్తిపళ్ళూ పురుగులూ మోసి ఆ సందులోంచి అందించాలి. ఇప్పుడు ఊళ్ళోకి కూడా వస్తున్నాయి, ఫ్లాటు రెయిలింగుల మీద వాలుతున్నాయి. ఆ తేనెపిట్ట మొగుడికి ఈ హార్న్‌బిల్‌ని ఓసారి చూపించాలనిపించింది నాకు. (నవ్వులు)

అదే దీవిలో గడ్డిరంగు తల పిగిలిపిట్ట ఒకటి ఉంది. పాట బాగా పాడుతుంది, ఆ పాటే దానికి శాపమైంది. పంజరాల కోసం పట్టి పట్టి జావాలో, థాయిలాండ్‌లో లేకుండా చేశారు. సింగపూర్‌లో మాత్రం పడవ దిగి కాస్త నడిస్తే వినబడుతుంది.

విమానాశ్రయంలో సీతాకోకల తోట ఉందని మీ పిల్లలు చెప్తారు, మూడో టెర్మినల్లో. బాగుంటుంది, చూడండి, ఫ్లైటుకి టైముంటే. నా లెక్కలో మాత్రం వెయ్యను. తెచ్చి వదిలినవాటిని చూడటం వేరు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: బైనాక్యులర్స్ ఏం కొనాలి?)

8 బై 42 అని రాసి ఉన్నది. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం మిల్లీమీటర్లలో. 10 రెట్లది ఇంకా బాగుంటుందని షాపువాడు అంటాడు. మన చేతుల వణుకు కూడా అది 10 రెట్లు చేసి చూపిస్తుంది, వద్దు. మెడ నొప్పి ఉంటే 8 బై 32 తేలిగ్గా ఉంటుంది. సీతాకోకలకి కావాలంటే రెండు మీటర్ల దగ్గరకి కూడా ఫోకస్ అవుతుందా అని అడిగి మరీ కొనండి. ఫ్లాట్ల మధ్య నిలబడి మాత్రం కిటికీల వైపు తిప్పకండి, తగువులొస్తాయి.

(ఇంకో శ్రోత: పేర్లెలా తెలుస్తాయండీ?)

ఫోన్లో మెర్లిన్ అని యాప్ ఉంది, కార్నెల్ విశ్వవిద్యాలయంవాళ్ళది, డబ్బులక్కర్లేదు. కూత వినిపిస్తే ఏ పిట్టో చెప్తుంది. ఇక్కడే వైఫైలో సింగపూర్ ప్యాకు దించుకుని వెళ్ళండి. సీతాకోకలకి ఐనాచురలిస్ట్, ఫోటో తీసి పెడితే ఎవరో ఒకరు పేరు చెప్తారు. ఒక్కటే మాట, మెర్లిన్‌లో కూతలు గట్టిగా మోగించి పిట్టల్ని పిలవకండి. గూడు దగ్గర శత్రువొచ్చిందనుకుని కంగారు పడతాయి.

(మొదటి వరస నుంచి ఒక పెద్దాయన: పితృపక్షాల్లో అక్కడుంటే కాకికి ముద్ద పెట్టొచ్చా అమ్మా?)

బాబాయిగారూ, పెట్టకూడదు. 2020 జూన్ నుంచి అక్కడ ఏ అడవి జంతువుకీ పక్షికీ మేత వెయ్యడం నేరం. మొదటిసారికే 5,000 డాలర్ల దాకా జరిమానా వెయ్యొచ్చు. సింగపూర్ డాలర్లు. పావురాలకి గింజలు చల్లినా అంతే. అక్కడి గుళ్ళో పంతులుగార్ని అడగండి, ఏదో దారి చెప్తారు. మీరు మాత్రం బాల్కనీలో విస్తరి పెట్టకండి, కాకికన్నా ముందు మీ అల్లుడికి నోటీసొస్తుంది.